మామయ్య తినని అన్నం

మొన్న హన్మకొండలో ఒక సభకు పిలిస్తే వెళ్లాను. ఊరి బయట క్షయ రోగులకు ఆసుపత్రి కట్టించిన మా మేనమామను తలచుకునే సభ. వక్తలందరిదీ ఒకటే పాట: డాక్టరుగారు క్షమామూర్తి, పగంటే ఏమిటో ఎరగని మనిషి. నాకు నవ్వాగలేదు. పక్కావిడ దగ్గనుకుని మంచినీళ్లిచ్చింది.

మామయ్యకు పగ బాగా తెలుసు. ఆ ఆసుపత్రికి పునాది అదే. ఆయన చెల్లెలిని, అంటే మా చిన్నమ్మను, మరిపెడ దగ్గర ఒక పటేలు ఇంటికి కోడలిగా ఇచ్చారు. దగ్గులో నెత్తురు పడగానే ఆ పటేలు ఆమెను పశువుల కొట్టంలో పెట్టాడు. అన్నం కంచం కర్రతో జరిపేవాడట. కబురు తెలిసి మామయ్య వెళ్లేసరికే ఆమె పోయింది. ఆసుపత్రి పెట్టాక మామయ్యకు ఇంకొకటి అర్థమైంది. రోగం నయమైనా ఇంట్లోవాళ్లు మనిషిని గడప దాటి రానివ్వరు. అందుకని కోలుకున్నవాళ్లను తనే వెంటబెట్టుకుని వెళ్లి, వాకిట్లో ఊరంతా చూస్తుండగా వాళ్ల కంచంలోనే చెయ్యి పెట్టి తినేవాడు. పాలకుర్తి అయినా ఏటూరునాగారం అయినా అంతే. డాక్టరే తిన్నాక ఇంకెవరు నోరెత్తుతారు? రోగులు కోలుకునే కొద్దీ మామయ్య లావెక్కాడు. ఆయనకు పుంటికూర, అదే గోంగూర, గిట్టదు. ఊళ్లలో అదే పెట్టేవారు. అక్కడ నవ్వుతూ తిని, ఇంటికొచ్చి అత్తయ్య మీద విసుక్కునేవాడు.

కొన్నేళ్లకు ఆ పటేలే అదే రోగంతో వచ్చాడు. అందరికీ ఇచ్చిన మందులే ఇచ్చారు, అందరికీ పెట్టిన పాలూ గుడ్లే పెట్టారు. మామయ్య ఏదో ఒకటి చేస్తాడని ఎదురు చూసిన నాకు ఒళ్లు మండింది. తీరా నయమై వెళ్లే రోజున ముసలాయన వసారాలో చతికిలబడి కదలలేదు.

"ఒక్కపారి ఇంటికొచ్చి నాతోని రెండు బుక్కలు తినిపో బిడ్డా. లేకుంటే నా కొడుకులు నన్ను ఇంట్లకు రానియ్యరు."

"నీ రోగం పోయింది పటేలా, ఫికర్ చెయ్యకు," అన్నాడు మామయ్య. "నా చెల్లెకు నువ్వు కంచం కట్టెతోని జరిపినవ్. నీ కంచంల నేను చెయ్యి పెట్టను."

కొడుకులు ఆయనను ఆ కొట్టంలోనే ఉంచారు. పోయేదాకా అక్కడే. ఆ కబురొచ్చిన పూట మామయ్య అన్నం ముందు కూర్చుని, ముట్టకుండా లేచిపోయాడు. మా అమ్మ మాత్రం మారు వడ్డించుకుంది. నేనూ కడుపు నిండా తిన్నాను. కాలం ఎంతటి పగనైనా చల్లారుస్తుందంటారు. నాకూ ముసలితనం వచ్చింది, ఆ ముసలాయన ఇవాళ లేచొచ్చి అడిగినా నేను ఒక్క బుక్క తినను.