ఎకరం ముప్పావు

ఒక తలుపు బరువును ఏళ్లుగా మోస్తున్నాను. అది నా మీద పడిన తలుపు కాదు, నేను వేసినది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

మాది ఒకప్పటి దొరల ఇల్లు. మా తాత ఎదుట ఎవరూ చెప్పులేసుకుని నడవలేదని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలై, ఆ ముక్కలూ అమ్ముడై, నా దాకా వచ్చింది వంగని వెన్ను ఒక్కటే. హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇల్లు. ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పే ఉద్యోగం. రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనం పై అంతస్తులో లెక్కల టీచర్లకు ఆదివారాలు పీజీ తరగతులు జరిగేవి. వాటిలో చేరాను. నా పక్కన యాదగిరి కూర్చునేవాడు. బోరబండ సర్కారు బడిలో టీచరు. వాళ్ల తాత మా ఊళ్లోనే వెట్టి చేశాడట. మా ఇంటిపేరు విన్న రోజు నుంచి నన్ను నవ్వుతూ ‘దొరా’ అని పిలిచేవాడు.

ఒకరోజు మేడం ఒకటీ ముప్పావును అరతో భాగించమన్నారు. జవాబు అందరికీ వచ్చు, తిరగేసి గుణించడమే. ఆమె అడిగింది జవాబు కాదు. పిల్లలకు ఆ లెక్క అర్థమయ్యేలా ఒక కథ రాయమన్నారు. నేను రాసి, నిలబడి చదివాను: “ఎకరం ముప్పావు భూమిని ఇద్దరు అన్నదమ్ములు సమంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత?”

యాదగిరి పగలబడి నవ్వాడు.

“అగో, దొరా! గది రెండుతోని భాగించుడు, అరతోని కాదు. పావు తక్కువ రెండు కిలోల పప్పు అరకిలో పొట్లాలు కడితే మూడున్నర అయితయ్. జవాబు పెరగాలె. భాగించుడంటే నీకు అన్నదమ్ముల పంపకమే యాదికొస్తదా? మీ భూములు గిట్లనే కరిగినయా ఏంది?”

అందరూ నవ్వారు. అతను చెప్పింది తప్పయితే భరించేవాణ్నేమో. లెక్కా నిజమే, భూముల మాటా నిజమే.

క్లాసు అయ్యాక మెట్ల దగ్గరి ఇనుప తలుపు దాటుతూ యాదగిరి ఆగాడు. కుడిచేత్తో ద్వారబంధం పట్టుకుని వెనక్కి తిరిగాడు.

“అలిగినవా దొరా? రా, చాయ్ తాగుదం.”

పిడి పట్టుకుని తలుపు ఈడ్చి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అరుపు విన్నాను. తలుపు కాస్త తెరుచుకుంది. వేళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, వెనక్కి తీసుకునే శక్తి లేక. మళ్లీ ఈడ్చి కొట్టాను.

మొదటిసారి కోపం అనుకుందాం. మరి రెండోసారి? ఎన్నిసార్లు అడిగినా ఒకే సమాధానం వస్తుంది, దానికి నేను ఎన్ని పేర్లు మార్చి పెట్టుకున్నా: రెండోసారి నాకు హాయిగా ఉండింది. నెత్తురు నా చొక్కా మీద పడినప్పుడు కూడా.

జనం పరుగెత్తుకొచ్చారు. “గాలికి పడింది” అన్నాను. యాదగిరి నా వైపు చూశాడు. నా పేరు ఎందుకు చెప్పలేదు? వాళ్ల తాత మా తాత ముందు నిలబడింది అలాగేనా? ఆ చూపును ఇవాళ్టికీ చదవలేకపోతున్నాను.

దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. ఆఖరి పరీక్ష బోర్డు మీద రాస్తూ పాఠం చెప్పడం. యాదగిరి మళ్లీ రాలేదు. నేను పాసయ్యాను. ఇప్పుడు టీచర్లకే పాఠాలు చెబుతున్నాను. భిన్నాల భాగహారం వచ్చినప్పుడల్లా ఎకరం ముప్పావు కథ చెప్పి, “యాదగిరి అని మా తోటి టీచరు రాసిన తప్పు ఇది” అంటాను. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆ కథ రాసింది నేను. తలుపు వేసింది నేను, రెండుసార్లు. అది అద్దాలు బిగించిన భవనం. ఒక్క కిటికీ తెరుచుకోదు. అక్కడ గాలి లేదు.