నడిమిన కోసిన రబ్బరు గుడ్డ

మా బాపు కరోడ్‌గిరి నాకాలో పనిచేసేవాడు. కరోడ్‌గిరి అంటే ఇప్పటి పిల్లలు నోరు తెరుస్తారు. హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చే సరుకు మీద సుంకం తీసుకునే శాఖ అది. నిజాం ఏలుబడి పోయాక కూడా కొన్నేళ్లు నడిచింది, ఆ తర్వాత దారిలో సరుకు ఆపి చూసే నాకాలన్నీ ఎత్తేశారు. మా నాకా ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ ఒడ్డున ఉండేది. ఏటికి అటు మరాఠీ, ఇటు తెలుగు. నాకా ముందు బండ్లు ఆగితే బండ్లవాళ్లు రెండు భాషలూ కలిపి తిట్టుకునేవాళ్లు.

బట్టల సంగతి బాపుకు బాగా తెలుసు. దారం లాగి, కాల్చి, వాసన చూసి నూలో పట్టో చెప్పేవాడు. చిక్కంతా పూత బట్టలతోనే వచ్చేది. మైనం పూసినవి, రబ్బరు పూసినవి. గుడ్డ అనుకుంటే ఒక పద్దులో రాయాలి, రబ్బరు సామాను అనుకుంటే ఇంకో పద్దులో, దేని సుంకం దానిదే. తేలకపోతే ముక్క కోసి నమూనాగా హైదరాబాదులోని పెద్ద దఫ్తరుకు పంపాలి. జవాబు వచ్చేదాకా సరుకు నాకా గదిలోనే ఉంటుంది. అంచుల్లో పూత పలచగా ఉంటుందని నమూనా నడిమి నుంచే కోయాలని నియమం. వ్యాపారులు ఎంత మొత్తుకున్నా బాపు సరిగ్గా నడిమినే జానెడు ముక్క కోసేవాడు.

ఒక వానకాలం మా అవ్వ పడిపోయింది. మా దిక్కున తల్లినే అవ్వ అంటాం. నడుం కింది భాగం చచ్చుబడింది. తనకు తెలియకుండానే పక్క తడిసేది. ఇంటికి పెద్దదాన్ని, పెళ్లి కానిదాన్ని, ఆ చాకిరీ నాదే. ముసురు పట్టిందంటే బొంతలు ఆరవు. పొయ్యి పక్కన వేలాడదీస్తే ఇల్లంతా పొగ, తడి వాసన. అవ్వ వీపున పుండ్లు పడ్డాయి. డాక్టరు వచ్చి చూసి, రబ్బరు పూసిన గుడ్డ కింద పరిచి, దాని మీద పాత చీర ముక్కలు మారుస్తూ ఉండమన్నాడు. పుండ్లు ముదిరితే మనిషి దక్కదని బాపును పక్కకు పిలిచి చెప్పాడు, నేనూ విన్నాను. అలాంటి గుడ్డ ఆదిలాబాద్‌లో దొరకలేదు. అవ్వ తమ్ముడు బల్లార్షా బొగ్గుగనిలో ఉండేవాడు. ఆ మామే నాగపూర్ నుంచి తెప్పించి తీసుకొచ్చాడు.

ఆ పూట నేను బాపుకు సద్ది తీసుకొని నాకాకు పోయాను. మామ మొహం నిండా సంతోషంతో బండి దిగి గుడ్డ పరిచాడు. ఒక వైపు నున్నటి రబ్బరు, రెండో వైపు నేత. బాపు గోటితో గీకాడు, తిప్పాడు, మళ్లీ గీకాడు.

"ఎక్కువ పన్నే కడ్త బావా. అక్క కిందికి గద, ఇడ్చిపెట్టు" అన్నాడు మామ.

"ఎక్కువ తీసుకున్నా తప్పే, తక్కువ తీసుకున్నా తప్పే. ఏ పద్దుల రాయాలె, నువ్వే చెప్పు."

వెనక ఒక మైనం గుడ్డల వ్యాపారి నిలబడి ఉన్నాడు. అంతకుముందే బాపు అతని గుడ్డ తానును నడిమిన కోసి గదిలో పెట్టాడు. అతను ఇప్పుడు బాపు ఏం చేస్తాడా అని ఊరికే చూస్తున్నాడు. బాపు కత్తెర తీశాడు.

"బాపూ, జర అంచుకన్న కొయ్యి" అన్నాను.

నా వైపు చూడనే లేదు. గుడ్డను నడిమికి మడిచి, జానెడు ముక్క కోశాడు. మామ తల పట్టుకొని అక్కడే కూలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు దిగకుండా తెచ్చిన గుడ్డకు నట్టనడుమ బొక్క పెట్టే మనిషిని ఏమనాలి?

ఇంటికి వచ్చి చెబితే అవ్వ నవ్వింది. ఆమె చొప్పదండి ఊరి పిల్ల, ఎంత బాధలోనైనా ఎకసెక్కం మానదు.

"పుట్టి బుద్దెరిగి నేను పట్నం సూడకపోతి. నా పక్క గుడ్డ సూసొస్తుందా? మంచిగున్నది" అంది. తర్వాత మెల్లగా, "ఆయనతోని కొట్లాడకు బిడ్డా. నౌకరి పోతే మనకెవ్వరున్నరు?" అంది.

నేను కొట్లాడలేదు, మాట్లాడటమే మానేశాను. పొద్దున లేస్తే బాపు నా చేతిలోంచి బొంతలు లాక్కొని తానే ఏటికి మోసుకుపోయేవాడు. జవాబు రేపో ఎల్లుండో వస్తుందని గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడు. పిలిస్తే పలికేంత దూరంలో, నాకా గది తాళం వెనక, ఆ గుడ్డ పడి ఉంది. తాళంచెవి బాపు మొలతాడుకే ఉండేది.

దసరా రాకముందే అవ్వ పోయింది. పుండ్లు ముదిరి జ్వరం వచ్చింది, అది తగ్గలేదు. ఆమె ఒళ్లు కడిగినప్పుడు వీపు చూడలేక మామ బయటికి పోయాడు. బాపు చూశాడు. కంట చుక్క రాలేదు.

జవాబు ఆ తర్వాత వచ్చింది. గుడ్డ పద్దులోనే రాయమన్నారు. కోసిన ముక్కకు మొహరు వేసి తిరిగి పంపారు.

ఆ సాయంత్రం బాపు గుడ్డను ఇంటికి తెచ్చి, గుమ్మంలో వెలుతురుకు కూర్చొని, ముక్కను నడిమిన పెట్టి చుట్టూ కుట్టాడు. ఎవరి కోసమని నేను అడగలేదు. కుట్టడం అయ్యాక అవ్వ నులక మంచం మీద పరిచాడు. చెంబుతో నీళ్లు పోసి, మంచం కిందికి వంగి చూశాడు. సూది దిగిన ప్రతి చోటునుంచీ నీళ్లు కారుతున్నాయి.

"కారుతున్నది బిడ్డా" అన్నాడు.

మంచం కోడు పట్టుకొని అప్పుడు ఏడ్చాడు, పసిపిల్లవాడిలా, ఊపిరాడకుండా. నా కోపం ఎటు పోయిందో తెలియదు. పోయి పక్కన కూర్చున్నాను.

"ఇంకింత దగ్గర దగ్గర కుట్టాలె బాపు" అన్నాను.

బాపు సూది నా చేతికి ఇచ్చాడు.