ఎదుటి పక్షం పేరా

మొదటి రోజు క్లాసులో తలా ఒక కాగితం పంచారు. ఈ నాలుగు నెలల్లో మేం ఏం నేర్చుకోవాలో, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అందులో ఉంది. ప్రతి వ్యాసానికీ ఒక ముఖ్య వాక్యం ఉండాలి. అది మొదటి పేరా చివర్లోనే ఉండాలి. దాన్ని నిలబెట్టడానికి మూడు కారణాలు కావాలి, ఒక్కో కారణానికి సాక్ష్యం కావాలి. ముందు చిత్తుప్రతి రాయాలి, తోటివాడితో చదివించి అభిప్రాయం రాయించుకోవాలి, మళ్ళీ మొదటి నుంచి రాయాలి. ఇంకొకరి రాత ఎత్తి రాస్తే సున్నా. మూడు క్లాసులు ఎగ్గొడితే ఇంటికి పంపించేస్తారు.

ఆ చివరి మాట చదివి నాకు నవ్వాగలేదు. మా లేబర్ క్యాంపులో ముప్పై మంది ఇంటికి పోవడానికి ఏళ్ళ తరబడి దేవులాడుతున్నారు. ఇక్కడ చూస్తే మూడు సాయంత్రాలు బడి ఎగ్గొడితే చాలట.

తొంభైల నడిమి మాట ఇది. బహ్రెయిన్‌లో సీఫ్ వైపు లేస్తున్న ఒక బిల్డింగుకు సైటు ఆఫీసులో హాజరు రాసేవాణ్ణి. కాలేజీ మొదటి ఏడాది ఇంగ్లిష్ పాసైన కాగితం తెస్తే హెడ్డాఫీసులో కుర్చీ ఇస్తామని కంపెనీ అంది. ఎండలోంచి ఏసీలోకి పోవాలన్న ఆశతో సనాబిస్‌లో సాయంత్రం పూట నడిచే ఒక చిన్న కాలేజీలో చేరాను. అక్కడ దాన్ని ఫ్రెష్‌మన్ ఇంగ్లిష్ అనేవారు. నా పక్కన కూర్చునేవాళ్ళలో బ్యాంకు గుమాస్తాలూ, ముహర్రక్ ఎయిర్‌పోర్టులో పెట్టెలు మోసేవాళ్ళూ ఉండేవారు. పాఠం చెప్పే మేడం బహ్రెయిన్ ఆవిడే. ఓపిక ఎక్కువ, మార్కులు తక్కువ.

మా గదిలో ఎనిమిది మందిమి. అందరం కరీంనగర్, నిజామాబాద్ పల్లెల వాళ్ళం. బహ్రెయిన్ అన్న మాట మా ఊళ్ళల్లో ఎవరికీ పట్టలేదు, ఎక్కడున్నా దుబాయిల ఉన్నడనే అనేవాళ్ళు. శుక్రవారం సెలవు. పొద్దున బట్టలు ఉతుక్కుని ఆరేశాక, ఉత్తరాల పని పెట్టుకునేవాళ్ళం. రాసేవాణ్ణి నేనే. అయితే మా గదిలో ఉత్తరం ఏ ఒక్కడి సొత్తూ కాదు. రాసింది అందరి ముందూ గట్టిగా చదవాలి, ప్రతివాడూ ఒక మాట చేర్చాలో తియ్యాలో చెప్పాలి, ఎనిమిది మందీ సరే అంటేనే కవరు అంటించాలి. భార్యకు రాసే ఉత్తరమైనా అంతే. కొన్ని కాపురాలు మా గది మొత్తం కలిసి చేశాం.

లీవు అర్జీలకు ఇంకో ఆచారం ఉండేది. అర్జీలో ఎవరో ఒకరు చావాలి. ఎవరూ చావని అర్జీని మేనేజరు చదవడని మా నమ్మకం. అందుకని తాతలను, మేనత్తలను, బావమరుదులను ఇష్టం వచ్చినట్టు చంపేవాళ్ళం. మేనేజరు తక్కువవాడా? చనిపోయినవాళ్ళందరికీ ఒక ఫైలు తెరిచాడు.

ఆ ఫైలు దెబ్బ గట్టిగా తగిలింది మా గది పెద్దన్నకు. ప్లాస్టరింగ్ మేస్త్రి ఆయన, నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. వచ్చిన అయిదు నెలలకు ఊళ్ళో ఆడపిల్ల పుట్టింది. చూసి వద్దామని అమ్మమ్మను చంపాడు, లీవు దొరకలేదు. రెండేళ్ళకు నాయనమ్మ పోయింది. ఈసారి నిజంగానే పోయింది. అర్జీ పెడితే మేనేజరు పాత కాగితం తీసి పక్కన పెట్టుకుని, ఒకే గ్రాండ్‌మదర్ ఎన్నిసార్లు చస్తుందని అడిగాడు. ఇద్దరు వేరు వేరని చెప్పడానికి నేను చాలా అవస్థ పడ్డాను. పిల్లకు నాలుగేళ్ళు వచ్చాయి, తండ్రిని చూడలేదు. ఇక అన్నకు చంపడానికి ఎవరూ మిగల్లేదు.

క్లాసులో నా మొదటి వ్యాసం పల్లె బతుకూ పట్నం బతుకూ మీద. పక్కన కూర్చున్న బ్యాంకు గుమాస్తా అభిప్రాయం రాసే కాగితంలో మూడు ప్రశ్నలకూ చాలా బాగుంది అని ఒకే మాట రాశాడు. మేడం దాన్ని తిప్పి కొట్టింది. ఏది బలంగా ఉంది, ఎక్కడ అర్థం కాలేదు, ఏం మార్చాలి అని అడిగితే చాలా బాగుంది అనేది జవాబా అని గదమాయించి, నిజం చెప్పేవాణ్ణి వెతుక్కొమ్మంది. నిజం చెప్పేవాళ్ళు నాకు ఏడుగురున్నారు. శుక్రవారం వ్యాసం మొత్తం తెలుగులో చదివి వినిపించాను.

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పల్లె మంచిదంటివి, పట్నం మంచిదంటివి. మరి నువ్వు ఈ ఎడారిల ఏం జేస్తున్నవ్ తమ్మీ?"

ఆ మాటనే అభిప్రాయం కాగితంలో ఇంగ్లిష్‌లో రాసి ఇచ్చాను. మేడం దాని కింద రెండు గీతలు గీసి, ఈ ఏడాది క్లాసులో వచ్చిన అభిప్రాయాలన్నిటిలో ఇదే మేలైనదని చెప్పింది. ఆ చదువరి ఎవరని అడిగింది. సిమెంటు పనివాడని చెప్పే ధైర్యం చాలక స్నేహితుడన్నాను. అతనికి వీలుంటే మిగతావాళ్ళవి కూడా చూడమను అంటూ ఆరు వ్యాసాలు నా చేతిలో పెట్టింది.

అట్లా మా క్యాంపుకు శుక్రవారం శుక్రవారం బహ్రెయిన్ బ్యాంకు గుమాస్తాల వ్యాసాలు వచ్చేవి. నేను తెలుగు చేసి చదివేవాణ్ణి, అన్న కళ్ళు మూసుకుని వినేవాడు. మనామాలో ట్రాఫిక్ గురించి రాసినవాడి మీద, వీనికి బండి లేదు, ఎవరి బండిలనో ఎనుక సీట్ల కూసుంటడు అని తీర్పు చెప్పాడు. వాడు నిజంగానే రోజూ బావగారి కారులో వచ్చేవాడు. తండ్రిని పొగుడుతూ ఒకడు నాలుగు పేజీలు రాశాడు. బాపు గురించి గింత రాసిండు గని బాపు ఒక్క మాట గుడ మాట్లాడకపాయె అన్నాడు అన్న. ఆ కుర్రాడు ఇంటికి పోయి తండ్రితో గంటసేపు కూర్చుని మళ్ళీ రాసుకొచ్చాడు. వాడికి ఏ గ్రేడు వచ్చింది, నాకు బీ వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

గదిలో కూడా ఈ చదువు అంటుకుంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవడైనా అంటే, వండినవాడు గంటె పట్టుకుని, మూడు కారణాలు చెప్పు, సాక్ష్యం చూపెట్టు అనేవాడు. ఏసీ ఎంత మీద పెట్టాలన్న తగాదాలో ముఖ్య వాక్యం ముందు చెప్పలేదని ఒకణ్ణి మాట్లాడనివ్వలేదు. పాపం, ఆ రోజు జ్వరం వాడికే.

ఏప్రిల్‌లో అన్న భార్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆచారం ప్రకారం అందరికీ చదివాను. జూన్‌లో పిల్లను బడిలో వేస్తారట. పేరు రాసుకోవడానికి సారు ఇంటికి వచ్చి, మీ బాపు పేరేంటి బిడ్డా అని అడిగితే, దుబాయి అని చెప్పిందట. అందరం పడీ పడీ నవ్వాం. అన్న కూడా నవ్వాడు. నవ్వి, ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకుని, బడి మొదటి రోజు నేను చెయ్యి పట్టుకొని తోల్కపోవాలె, అర్జీ రాయి తమ్మీ, ఈసారి ఎవ్వర్ని సంపకు, నీ కాలేజీల రాసినట్టు రాయి అన్నాడు.

సరిగ్గా అదే వారం మేడం ఎవరినైనా ఒప్పించే వ్యాసం రాయమంది. అందులో కొత్తగా ఒక పేరా ఉండాలి. ఎదుటి పక్షం వాళ్ళు ఏమనగలరో మనమే చెప్పి, తరువాత దానికి జవాబు చెప్పాలి. ఎదుటివాడి మాటను వాడికన్నా బాగా చెప్పగలిగినప్పుడే నీ మాటకు బరువొస్తుందని మేడం పాఠం. ఒక్క దెబ్బకు రెండు పనులవుతాయని అన్న అర్జీనే వ్యాసంగా రాశాను. ముఖ్య వాక్యం: ఈ మేస్త్రికి జూన్‌లో నలభై రోజుల లీవు ఇవ్వాలి. కారణాలు మూడు. సాక్ష్యంగా భార్య ఉత్తరం. నాలుగో పేరా ఎదుటి పక్షానిది.

శుక్రవారం చదువుతుంటే నాలుగో పేరా దగ్గర అన్న ఆపాడు.

"వాళ్ళ మాట మనమెందుకు రాయాలె? వాళ్ళకు నోరు లేదా?"

రాయకపోతే మార్కులు పోతాయన్నాను. చదువుకున్నోడివి నీకే తెల్వాలె అని తల ఊపాడు. ఎనిమిది మందీ సరే అన్నారు. కానీ మరునాడు ఆఫీసు టైప్‌రైటర్ మీద కొడుతుంటే ఆ పేరా నాకే పలచగా అనిపించింది. పనికి అడ్డం అని మాత్రమే ఉంది. ఇట్లాంటి ఎదుటి పక్షాన్ని మేడం ఒప్పుకుంటుందా? కాస్త బలం చేర్చాను. గోడల మూలలు తీర్చడంలో ఈయనంత వాడు సైటులో లేడని, ఈయన పోతే అయిదో అంతస్తు ఆగిపోతుందని, ఒక్కరికిస్తే అందరూ అడుగుతారని రాశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. చివరన ఇంకొక వాక్యం పెట్టాను: నాలుగేళ్ళ పిల్లకు బడి మొదటి రోజు ఎవరు తీసుకుపోయారో పెద్దయ్యాక ఎలాగూ గుర్తుండదు. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. గదిలో చదవలేదు. చదవకుండా కవరు అంటించడం అదే మొదటిసారి. ఒక ప్రతి మేనేజరుకు, ఒక ప్రతి మేడంకు ఇచ్చాను.

మేనేజరు మూడు రోజుల్లో తిప్పి పంపాడు. ఎర్ర సిరాతో కింద ఒకటే ముక్క: నాలుగో పేరాతో ఏకీభవిస్తున్నాను.

సైటులోనే అన్నకు ఆ ముక్క చదివి చెప్పాను. చేతులకు సిమెంటు ఉంది, కాగితం పట్టుకోలేదు. నాలుగో పేరల ఏమున్నదో మళ్ళొక్కసారి చదువు అన్నాడు. నాకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. చివరి వాక్యం దాకా మొత్తం చదివాను. ఆయన వేళ్ళ మీది సిమెంటు గీకి రాల్చాడు.

"మంచిగ రాసినవ్ తమ్మీ. గింత మంచిగ నా దిక్కెందుకు రాయకపోతివి?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే మేడం వ్యాసం తిరిగి ఇచ్చింది. మొదటిసారి నాకు ఏ వచ్చింది. అంచున చక్కటి అక్షరాలతో, ఎదుటి పక్షం పట్ల ఎంతో న్యాయంగా ఉన్నావు, నీ జవాబు కన్నా వాళ్ళ వాదనే బలంగా ఉంది అని రాసి ఉంది. పక్క బెంచీ వాడు నా వీపు తట్టాడు. వాణ్ణి కొట్టాలనిపించింది.

ఇంకో అర్జీ రాస్తానంటే అన్న వద్దన్నాడు. నేనే మాట్లాడత, నువ్వు నా మాట ఇంగ్లిష్ల చెప్పు, ఒక్క ముక్క గుడ కలపకు అన్నాడు. వారం తరువాత మేనేజరు ముందు నిలబడ్డాం. మేనేజరు ఫైలు తెరిచి, ఈసారి కారణం ఏమిటని అడిగాడు.

"కారణాలన్ని ఒడిసినయ్ సార్. పిల్ల ఒక్కతే మిగిలింది."

ఉన్నదున్నట్టు చెప్పాను. మేనేజరు ఫైలు వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. ఫైలు మూసి, అయిదో అంతస్తు ప్లాస్టరింగ్ ఖలాస్ అయిన మరునాడు పొమ్మన్నాడు. అన్న గంపెడాశతో పని చేశాడు. ఓవర్‌టైం కూడా అడిగి చేశాడు. ఎంత చేసినా జూలై చివరకు గానీ అది పూర్తి కాలేదు. పిల్ల అప్పటికి నెలన్నరగా బడికి పోతోంది.

ఈలోపు జూన్‌లో నా పరీక్ష జరిగింది. ఒప్పించే వ్యాసమే అడిగారు, ఎదుటి పక్షం పేరా తప్పనిసరి అని కూడా ఉంది. నేను ఆ పేరా రాయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే రాయలేదు. మార్కులు కోశారు, ఎలాగో గట్టెక్కాను. హెడ్డాఫీసులో కుర్చీ వచ్చింది. మూడేళ్ళు అక్కడ చల్లగా కూర్చుని ఇతరుల అర్జీలు ఫైలు చేశాను.

ఆ ఏడాది సెప్టెంబరులోనే అన్న తిరిగొచ్చాడు. అందరికీ సకినాలు పంచాడు, నాకు వేరే పొట్లం కట్టుకొచ్చాడు. పిల్ల గుర్తుపట్టిందా అని గది మొత్తం చుట్టూ చేరి అడిగింది. మొదటి రోజు దగ్గరికే రాలేదట. గోడ మీది ఫోటోను చూసి, ఈయనను చూసి, మళ్ళీ ఫోటోను చూసి, ఫోటోనే మంచిగున్నదని తల్లితో చెప్పిందట. అందరం నవ్వాం. నాలుగో రోజు నుంచి మాత్రం వదల్లేదట. రోజూ బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడట.

నవ్వులు తగ్గాక, ఇప్పుడైనా బడిలో బాపు పేరు సరిగ్గా చెప్తోందా అని అడిగాను.

"ఇప్పుడు గుడ దుబాయే అంటది," అన్నాడు అన్న. "అప్పుడు తెల్వక అన్నది తమ్మీ. ఇప్పుడు తెల్సే అంటున్నది."

అన్న నా వైపు తిరిగి, దీనికి నీ కాలేజీల ఎదుటి పక్షం ఏమన్న ఉంటదా అని అడిగాడు. లేదన్నాను. ఉన్నా రాయనన్నాను.