గుమ్మం తొక్కని వారం

నన్ను కాదని పెనుగొలను ఊరి మనిషిని లారీ ఎక్కించుకున్నాడు మా పక్కింటి భాయి. ఎందుకో చెప్పలేదు. చెబుతాడని ఇన్నేళ్ళూ చూశాను. మొన్న శుక్రవారం పొద్దున వాళ్ళ పెద్దబ్బాయి గోడ దగ్గరికి వచ్చి, "నాన్న పోయారు బాబాయ్" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం నమాజయ్యాక తీసుకెళ్ళారు. నేనూ గుప్పెడు మట్టి వేశాను. ఇక ఆయన చెప్పడు.

పోయినవాడి మీద ఫిర్యాదేమిటని మీరనుకోవచ్చు. అనుకోండి. చెడ్డవాడైతే ఆ ఏడాదే మరిచిపోయేవాణ్ణి.

డెబ్బైల నాటి మాట. తిరువూరులో మా రెండిళ్ళకూ మధ్య మొండిగోడ ఒక్కటే అడ్డం. ఆయన బియ్యం మిల్లు లారీ నడిపేవాడు. నేను అదే మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. నాకు చదువు మూడో తరగతితో సరి. గంపలగూడెం రోడ్డు మీద స్టీరింగు చేతికిచ్చి లారీ నేర్పింది ఆయనే. గేరు గీసుకుని కీచుమంటే తిట్టేవాడు కాదు. "అరిచింది విన్నావా? వింటే చాలు, రేపు అరవదు" అనేవాడు. టీ కొట్టు దగ్గర ఎంతమంది పలకరించినా ముఖం బండి వైపే పెట్టి తాగేవాడు.

ఒక ఏడు పాత లారీ సొంతంగా కొన్నాడు. మిల్లు మానేసి ఉత్తరాదికి పోతానన్నాడు. దింపిన ఊళ్ళోనే ఇంకో లోడు ఎత్తుకుని అక్కణ్ణుంచి మరో ఊరికి, అట్లా ఏడాదికి తక్కువ కాకుండా తిరగడం. తోడు ఒక్క మనిషి కావాలి. నేను వస్తానన్నాను.

బయల్దేరడం అంటే పక్క చుట్టుకోవడం అనుకున్నాను. ఆయన లెక్క వేరు.

"ఆ పుచ్చు పన్ను పీకించుకో. దారిలో సలిపితే స్టీరింగు వదిలేసి దవడ పట్టుకుంటావు."

పీకించుకున్నాను. కొత్త చెప్పులు కొంటే కొట్టుకే తిరిగి ఇప్పించాడు, అరిగినవైతే కాలికి తెలిసినవని. పొలం కౌలుకిచ్చాను. మిల్లు మానేస్తున్నానని చెబితే గుమస్తా నవ్వాడు. "లారీ ఎక్కితే మీసం పెరుగుద్దేంట్రా?"

"నువ్వూ ఎక్కి చూడు, నీకు అసలు మొలుస్తుందేమో" అన్నాను.

అంత మాట అన్నాక మళ్ళీ ఆ మిల్లు గేటు దాటే దారి లేదు. పొలమూ లేదు, పనీ లేదు. ఆ లారీలో చోటు ఒక్కటే నాకు మిగిలింది.

కానీ పెనుగొలను నుంచి ఇంకొకతను కూడా వస్తానన్నాడు. భాయి ఇద్దరికీ ఒకటే పరీక్ష పెట్టాడు. ముందు అతనికి, తర్వాత నాకు, లారీ తెచ్చి ఎవరింటి ముందు వాళ్ళకు నిలిపాడు. వారం రోజులు అందులోనే వండుకుని, అందులోనే పడుకోవాలి. గుమ్మం తొక్కకూడదు, ఇంటి పని ముట్టుకోకూడదు. "దూరం పోయి ఎవడైనా ఉంటాడు. ఇల్లు ఎదురుగా పెట్టుకుని ఉండండి, చూద్దాం" అన్నాడు.

పెనుగొలను అతను రెండో రోజుకే ఓడాడు. గేదె ఈనలేక అరుస్తుంటే ఒక్క దూకు దూకి పాకలోకి పోయాడట. పేడ చేతులతో వచ్చి, "ఓడిపోయా భాయ్. దూడ మాత్రం బతికింది" అన్నాడట, సిగ్గు లేకుండా.

నేను ఓడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మా ఇంటి పక్క ఖాళీ జాగాలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి. మా అమ్మ, మా ఆవిడ చీరలు ఎగదోపుకుని ఎత్తుతున్నారు.

"కూర్చుని చూస్తావేంట్రా, దిగు!" అని మా అమ్మ కేకేసింది.

"వారం కాలేదమ్మా" అన్నాను. జల్లు లోపలికి కొడుతుంటే అద్దం ఎత్తుకున్నాను.

వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. భాయి కూడా గోనెపట్టాలు పట్టుకుని గోడ దూకి వచ్చాడు. సగం కాయ తడిసింది. అంతా అయ్యాక ఒళ్ళంతా నీళ్ళు కారుతూ లారీ ముందు నిలబడి నా వైపు చూశాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

బయల్దేరే పొద్దున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను పక్క భుజాన వేసుకుని ఎక్కబోయాను. పెనుగొలను అతను అప్పటికే లోపల ఉన్నాడు.

"నువ్వుండు తమ్ముడూ" అన్నాడు భాయి.

"నేను గెలిచాను గదా?"

"గెలిచావు."

"మరి?"

"వచ్చాక చెబుతా."

నిమ్మకాయలు చితికాయి, లారీ పోయింది. నేను ఆ ఏడంతా కౌలుకిచ్చిన నా పొలంలోనే కూలికి పోయాను. ఏడాదిన్నరకు వచ్చాడు. అస్సాం టీ పొట్లం గోడ మీద నుంచి అందించాడు. తీసుకున్నాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడిగి చెప్పించుకునే రకం కాదు నేను.

తర్వాత ఆయన నేర్పిన చేతితోనే ట్రాక్టరు నడిపి పిల్లల్ని పెంచాను. మా ఆవిడకు కడుపునొప్పి లేచిన రోజున, మామిడికాయల లోడు ఎక్కించడం సగంలో ఆపి, ఆమెను విజయవాడ ఆసుపత్రికి చేర్చాడు. దారిలో ఎన్ని గుంటలున్నా ఆమెకు ఒక్క కుదుపు తెలియనివ్వలేదు. ఇవన్నీ నేను కాదనను.

మట్టి వేసి వచ్చిన రోజు మా ఆవిడతో అన్నాను, ఎందుకు వదిలేశాడో చెప్పకుండానే పోయాడని.

"ఆయన చెప్పేదేంటి? ఆ వాన రోజే నాకు తెలిసింది. నీ పక్కన కూర్చుని పోతూ తనకేమన్నా అయితే, నువ్వు వారం లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావని భయపడ్డాడు" అంది. అని లోపలికి పోయింది.

అది ఆవిడ మాట. భాయి మాట కాదు. భాయి మాట విన్నవాడు ఒక్కడే ఉన్నాడు, ఏడాదిన్నర ఆయన పక్క సీట్లో కూర్చున్నవాడు. మట్టి వేసిన రోజు అతనూ కర్ర పట్టుకుని వచ్చాడు. ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి ఆగాడు. ఇది ఎవరైనా చదివి అతనికి వినిపించండి. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు ఎలాగూ వస్తాడు. ఆ పొద్దు గూకేలోపు, మా ఆవిడ చెప్పింది నిజమో అబద్ధమో నా ముందు నిలబడి చెప్పాలి. మొన్న మట్టి వేశాక అతన్ని ఎక్కించుకున్న ఆటో గంపలగూడెం వైపు మలుపు తిరిగేదాకా, తల బయటపెట్టి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.