కంది చేలో రెండో మనిషి

మొన్న మా తమ్ముడి మనవరాలు ఫోనులో ఒక వార్త చూపించింది. ఎక్కడో శిక్షణలో భాగంగా ఒంటరిగా ఎగురుతున్న కుర్రాడి చిన్న హెలికాప్టర్ పొలంలో కూలిందట, ప్రాణాపాయం లేదట. ఇంట్లో అందరూ చూసి వేలితో పక్కకు జరిపేశారు గానీ, నాకు మాత్రం పక్క సీట్లో ఏం పెట్టుకుని ఎగిరాడో తెలుసుకోవాలనిపించింది. అదెవరూ రాయలేదు.

నేను అదే విద్య నేర్చుకున్నదాన్నని మీలో చాలామందికి తెలియదు. కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి పండించుకునే ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు గాల్లో తిరిగే చదువేమిటని మా మేనమామ పెళ్లిపందిట్లో పదిమంది ముందు అన్న మాట నేను మరచిపోలేదు, మరచిపోను కూడా. మాది రెండు సీట్ల హెలికాప్టర్. గురువుగారు పక్కన లేకపోతే బరువు ఒకవైపు మొగ్గుతుందని, శిష్యులు ఒంటరిగా ఎగిరే రోజున ఆయన సీట్లో ఇసుక మూట పెట్టి బెల్టు బిగించేవారు. మూట ఆయనలా అరిచేది కాదు కనుక నాకు దాని మీదే గౌరవం ఎక్కువ.

అలా ఒంటరిగా ఎగిరిన రోజున, మట్మారి అనే ఊరి దగ్గర ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. కంది చేను పక్కన దున్ని వదిలేసిన నల్లరేగడి కనిపిస్తే దించాను. పైన ఎండి గట్టిగా కనిపించిన నేల లోపల వానతడి అలాగే ఉంది. హెలికాప్టర్ కాళ్లు అందులో కూరుకుపోయి, అది ముందుకు తూలి పల్టీ కొట్టి, రెక్కలు మట్టిని కోసి ముక్కలయ్యాయి. నుదురు చిట్లి, పగిలిన అద్దంలోంచి పాకుతూ బయటపడ్డాను.

చేలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ముందుగా చేరినాయన నన్ను లేపి, నా వెనక్కి తొంగిచూసి, "నడిపేటాయన ఏడమ్మా?" అన్నాడు. నేనే నడిపానండీ అంటే, "తలకు దెబ్బ తాకింది, ఏమేమో అంటుంది పాపం" అని పక్కాయనకు చెప్పాడు.

"ఇద్దరు కూసున్నది నేను చూడలేదా? లావుగున్నడు, మెడగిన లేదు, కదలకుంట కూసున్నడు. పెద్ద ఆఫీసరే ఉంటడు!" అన్నాడు ఆ పక్కాయన.

రెండు చెంబుల నీళ్లు తెచ్చారు. ఒకటి తాగినా నా దాహం తీరక రెండోది అడిగితే, "అది సారుకు" అని ఇవ్వలేదు. ఎంత మంచివాళ్లయినా ఆ చెంబు సంగతి నేను వదిలిపెట్టను.

ఈలోగా గురువుగారు జీపులో వచ్చారు. ఊరంతా ఏకకంఠంతో ఇద్దరున్నారనేసరికి ఆయన ముఖం మాడిపోయింది. ఒంటరిగా ఎగరాల్సినప్పుడు ఎవరినైనా ఎక్కించుకుంటే శిక్షణలోంచి తీసేస్తారు, ఇక జన్మలో ఎగరనివ్వరు. మూట తీసేసి ఎవరిని కూర్చోబెట్టావని అడిగారు. మూట చూపిద్దామంటే శకలాల్లో అది లేదు.

అప్పుడే కందిలోంచి ఏడుపు వినిపించింది. ఒక ముసలమ్మ మొక్కల మధ్య పడివున్న ఆకారం మీద తన గొంగళి కప్పి, పక్కన చతికిలబడి, "ఎవరు గన్న కొడుకువో నాయనా, మా చేన్ల వచ్చి పడితివి" అని శోకాలు పెడుతోంది. కప్పిన శవాన్ని పోలీసులు వచ్చేదాకా ముట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఎవరూ దగ్గరికి పోలేదు. గురువుగారు టోపీ తీశారు. నా చదువు ఆ గొంగళి కింద ఉందని నాకొక్కదానికే అనుమానం.

"ముట్టొద్దు బిడ్డా, పాపం తగుల్తది" అని అరుస్తున్నా వినకుండా వెళ్లి లాగేశాను. బెల్టు తెంచుకుని ఎగిరిపడ్డ, కుట్లు ఊడిన ఇసుక మూట.

ముసలమ్మ కాస్త ఇసుక వేళ్ల మధ్య నలిపి చూసి నావైపు తిరిగింది. "గింతసేపు నేను ఏడ్సింది ఇసుక మూటకా? నా ఏడ్పు నాకు వాపసియ్యి!"

"మెడ లేదన్నప్పుడే సమజ్ కావాలె కదనే పెద్దమ్మా!" అని ఎవరో అంటే చేనంతా నవ్వింది. గురువుగారు టోపీ పెట్టుకున్నారు. అనుమానించినందుకు ఒక్క మాటైనా అనలేదు. మళ్లీ నన్ను ఎగరనిచ్చారు, అది వేరే సంగతి.

ముసలమ్మ కొంగుతో నా నుదురు తుడిచి, "అయితే నువ్వొక్కదానివే ఉంటివా పైన? మీదికెల్లి చూస్తే మేమెట్ల కనబడ్తం?" అంది. జవాబు చెప్పేలోపే జీపు ఎక్కమని గురువుగారు తొందరపెట్టారు. దానికీ ఆయన్ను క్షమించలేదు.

ఆ తరువాత చాలా ఏళ్లు ఎగిరాను. జీతమెంతని అడిగినవాళ్లున్నారు, పెళ్లెప్పుడని అడిగినవాళ్లున్నారు గానీ, ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు. ఆమెకు చెప్పలేని జవాబు మీకు చెబుతున్నాను: ఆ రోజుల్లో పైనుంచి చూస్తే చేలల్లో మనుషులు ముఖాలుగా కనబడేవారు, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నోళ్లు తెరుచుకుని. నేను ఉద్యోగం మానేసే నాటికి నడినెత్తులు మాత్రమే కనబడసాగాయి.