ఎత్తబడిన నీళ్ళ తాత

కాగిన ప్లాస్టిక్కు, దానిమీద మాడుతున్న దుమ్ము, ఈ రెండూ కలిసిన వాసన మొన్న ఆదివారం మధ్యాహ్నం నంద్యాలలోని మా ముందుగదిలో గుప్పుమంది. చిన్నప్పుడు ఆడిన ఒక ఆట కొత్త రూపంలో వచ్చిందంటే నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటున్నాను, ఆ బరువుకు అది కాగిపోతోంది. పాత ఆటలోని లోపాలన్నీ తీసేశామని కంపెనీవాళ్ళు తెరమీద పెద్దపెద్ద అక్షరాలతో గొప్పగా రాసుకున్నారు. అది చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తియ్యమని మిమ్మల్ని ఎవరడిగారు అని పైకే అనేశాను. వంటింట్లోంచి మా అమ్మ, "ఎవురితో కొట్లాడ్తాండావ్ పాపా?" అని కేకేసింది. ఎవరితో అని చెప్పను? ఒకప్పుడు ఆ ఆటను బాగుచెయ్యమని అడిగినదాన్ని నేనే.

అప్పుడు మేము ఆళ్ళగడ్డలో, చర్చి సందులో, రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు. ఎండాకాలం ఆ రేకులు టకటకమని చప్పుడు చేసేంతగా కాగేవి, మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, గోనెసంచులు తడిపి కిటికీలకు వేలాడదీసేది, ఆ తడిగోనె వాసనలో చల్లటి బండలమీద కాళ్ళు చాపుకొని మధ్యాహ్నమంతా చింతగింజలతో వామనగుంటలు ఆడేవాళ్ళం. చలికాలం వస్తే దొర్నిపాడు వైపు నల్లరేగడి చేలల్లో శనగ కాయపట్టేది, మంచుకు తడిసిన ఆ పుల్లటి ఆకు కాళ్ళకు రాసుకొని దురదపెడుతున్నా లెక్కచెయ్యకుండా పచ్చికాయలు వలుచుకొని తినేవాళ్ళం. క్రిస్మసుకు వారం ముందునుంచే అమ్మా జేజీ పొయ్యి దగ్గర చేరి నిప్పట్లు, కజ్జికాయలు చేసి డబ్బాలకు నింపేవాళ్ళు, నాయన వెదురుబద్దలు చీల్చి రంగుకాగితాల నక్షత్రం కట్టేవాడు, మైదా జిగురంతా నా చేతులకే ఉండేది.

నాయన ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. నంద్యాలలో ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రం మూతపడితే, అక్కడి పాత యంత్రాల్లో ఒకటి సంపాదించి, దుప్పటి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. నేను టైపింగు నేర్చుకుంటానని ఆయన ఆశ. దాంట్లో అంతకుముందు ఎవరో వదిలేసిపోయిన ఈ ఆట ఉంది. పెద్ద యుద్ధం జరిగి లోకమంతా నాశనమయ్యాక, మిగిలిన మనుషుల మధ్య మనమూ ఒక మనిషిగా తిరగాలి. కూలిన ఇళ్ళు, తుప్పుపట్టిన బస్సులు, గుక్కెడు నీళ్ళకోసం కొట్లాటలు. ఎదురైనవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ పని చేసిపెట్టి, నెమ్మదిగా బలం పెంచుకుంటూ ఊరునుంచి ఊరికి పోవాలి. మాటలన్నీ ఇంగ్లీషు, నాది తెలుగు మీడియం. నిఘంటువు పక్కన పెట్టుకొని సగం చదివి, మిగతా సగం నేనే కల్పించుకున్నాను.

ఆ ఆట నిండా తప్పులేనని నాకు అప్పుడు తెలియదు. అందులో ఒక ఆవు గాల్లో నిలబడి మేసేది. ఒకాయన నడుముదాకా గోడలో ఇరుక్కుని మనతో మర్యాదగా మాట్లాడేవాడు. కుక్క వెనక్కి నడిచేది. తలుపు తీస్తే అవతల ఇల్లు ఉండదు, ఉత్త బూడిదరంగు. లోకం నాశనమైందంటే మరి ఇట్లాగే ఉంటుంది గాబోలు అనుకున్నాను. ఆలోచిస్తే ఇప్పటికీ అందులో తప్పేమీ కనిపించదు నాకు. యుద్ధం వచ్చి అంతా పోయాక ఆవులు మాత్రం బుద్ధిగా నేలమీదే ఉండాలా?

ఇంటర్నెట్టులో పెద్దమనుషులు ఇప్పుడు రాస్తున్నారు, ఆ పాత ఆట ఆడటానికే పనికిరాదని. మేం ఆడాం నాయనా! మాట్లాడుతుండగానే తెర నల్లబడేది, అప్పుడు నేను తలెత్తి పైన ఫ్యాను చూసేదాన్ని. ఫ్యాను ఆగితే కరెంటు పోయినట్టు, తిరుగుతుంటే ఆట చచ్చినట్టు. ఏదైనా సరే, ఆటను మధ్యలో దాచిపెట్టుకోవడం మరిచిపోతే పొద్దున్నుంచి ఆడిందంతా గోవిందా. కోపంతో ఏడ్చి, ముఖం కడుక్కొని, ఇంత ఉగ్గాని తిని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఏ వంతెనమీద పరుగెత్తకూడదో, ఎవరి ఇంట్లో కుర్చీ ముట్టుకోకూడదో నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. ఆ ఆటను నేను ప్రేమించాను. అంత ఏడిపించినా ప్రేమించాను.

మా జేజికి మొదట్లో దాని పేరెత్తితేనే పడేది కాదు. జేజి పేరు మరియమ్మ. ఆదివారం చర్చిలో ముందు వరుస, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఎప్పుడూ తెల్లచీరే. కడవరి దినాల్లో బూర మోగుతుందని, దేవుణ్ణి నమ్మినవాళ్ళు ఉన్నపాటున ఆకాశంలోకి ఎత్తబడతారని, మిగతావాళ్ళు కిందే ఉండిపోతారని పాస్టరయ్య చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ జేజి తల వంచుకునేది. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా జేజినాయన, అంటే జేజి భర్త ఓబులేసు, బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు. చర్చి గడప తొక్కలేదు, సారా మానలేదు, నోరు తెరిస్తే తిట్లే. కానీ పత్తి ఏరే కూలీలకు మిట్టమధ్యాహ్నం కావడితో నీళ్ళు మోసేవాడు, ఎవరు ఏ కులమని అడగకుండా దోసిట్లో పోసేవాడు. ఆయన్ను చర్చి సమాధుల తోటలో పెట్టనివ్వలేదు, కాలవ గట్టున పూడ్చారు. "బాప్తిస్మం లేనోడు యాడ ఎత్తబడ్తాడు మరియమ్మా" అని చర్చి పెద్ద భార్య సుందరమ్మ మా జేజి ముఖంమీదే అనింది. ఆ మాట అన్నందుకు ఆవిడమీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆటలోనూ ఒక ముసలాయన ఉన్నాడు. కూలిపోయిన బస్టాండులో చేతిపంపు దగ్గర కూర్చొని, మందు తాగుతూ, తిడుతూ, వచ్చినవాళ్ళందరికీ నీళ్ళు కొట్టి పోసేవాడు. నేను ఆయనకు నీళ్ళ తాత అని పేరు పెట్టుకున్నాను. కథలో కొంతదూరం పోయాక దొంగలు వంతెన దాటి వస్తారు, ఆయన పంపు వదిలిపోనని అడ్డం నిలబడతాడు, తుపాకీ పేలుతుంది. ఒక శనివారం నేను అక్కడిదాకా వచ్చేసరికి జేజి నా వెనకే కూర్చొని బియ్యం ఏరుతోంది. తుపాకీ పేలింది. తాత కింద పడలేదు. చేతులు రెండూ బారచాపి, నిటారుగా, మెల్లగా పైకి లేచాడు. బస్టాండు కప్పు దాటి, ఆకాశంలో చుక్క అయ్యేదాకా పోతూనే ఉన్నాడు.

జేజి చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది.

"పాపా, ఆయప్ప యాడికి పోయినాడు?"

"పైకి పోయినాడు జేజీ."

"తాగుబోతు గదా ఆయప్ప? ప్రార్థన గీర్థన ఏమన్నా చేసినాడా?"

"లేదు జేజీ. నీళ్ళు పోసినాడు, అంతే."

మళ్ళీ చూపించమంది. దొంగలు రాకముందు దాచిపెట్టుకున్న చోటునుంచి చూపించాను. ఆ సాయంత్రం నాలుగుసార్లు చూపించాను, నాలుగుసార్లూ ఆయన పైకి పోయాడు. మా జేజిని తెలివితక్కువది అనుకోవద్దు. "బొమ్మలాటేలే, నాకు తెల్దా ఏంది" అని తనే అంది. చేట పక్కన పెట్టి, "బొమ్మలాట చేసినోనికే ఇంత దయుంటే, మనల్ని చేసినోనికి ఉండదా పాపా?" అంది. ఆ రోజునుంచి శనివారం వచ్చిందంటే ముక్కాలిపీట తెచ్చుకొని తానే నా పక్కన కూర్చునేది, ఎత్తబడే చోటు వచ్చినప్పుడు చెప్పమనేది. పాస్టరయ్య బూర సంగతి ఎత్తినా తల వంచుకోవడం మానేసింది. ఎన్నో ఏళ్ళుగా మొయ్యలేక మోస్తున్న బరువు దిగినట్టు ఉండేది ఆమె ముఖం, నేను కళ్ళారా చూశాను.

నేను అంతటితో ఊరుకుంటే బాగుండేది. తాత పైకి పోయాక వంతెన దాటి అవతలి ఊరి గేటు తియ్యాలి. గేటు ముట్టుకోగానే తెర నల్లబడేది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ముప్పైసార్లు ప్రయత్నించాను, ముప్పైసార్లూ అంతే. అవతల ఏముందో చూడాలని నాకు తపన. క్రిస్మసుకు పెద్దనాయన కొడుకు ప్రసాదన్న నంద్యాలనుంచి వచ్చాడు. అక్కడ కంప్యూటరు కోర్సు చదువుతున్నాడు. వచ్చీరాగానే ఆయన్ను పట్టుకున్నాను. "అన్నా, దీన్ని బాగుచెయ్యవా, గేటు కాడ ఆగిపోతాంది" అని బతిమాలాను. "ఓస్, ఇంతేనా, దీనికి ప్యాచ్ ఉంది గదా" అని జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. ఆ కంపెనీవాళ్ళే తయారుచేసిన దిద్దుబాటు అది. పావుగంటలో అయిపోయింది, నేను సంతోషంతో కజ్జికాయలు పళ్ళెం నిండా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

అదే మధ్యాహ్నం జేజి సుందరమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. వారం రోజులుగా పిలుస్తోందట. పండగ చీర కట్టుకొని, కుర్చీ తుడిచి సుందరమ్మను కూర్చోబెట్టి, తాను పీటమీద కూర్చొని, "ఆడు పాపా, ఆ ముసలాయప్పది చూపీ" అంది. ప్రసాదన్న తలుపుకు ఆనుకొని నిలబడ్డాడు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. దొంగలు వచ్చారు. తాత అడ్డం నిలబడ్డాడు. తుపాకీ పేలింది. తాత మోకాళ్ళమీద కూలి, పంపు కింది బురదలో ముఖం పెట్టి పడ్డాడు. దొంగల్లో ఒకడు ఆయనను తొక్కుకుంటూ పోయాడు.

జేజి తెర పైభాగం చూస్తూనే ఉంది, ఇంకా లేస్తాడేమోనని.

సుందరమ్మ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "చూస్తివా మరియమ్మా" అని మాత్రం అంది, అని పైట సర్దుకొని వెళ్ళిపోయింది. ఏం చేసినావన్నా అని ప్రసాదన్నమీద అరిచాను. ఆయన పాపం తెల్లబోయి, జేజికి అర్థమయ్యేలా చెప్పబోయాడు. "అది ప్రోగ్రాములో తప్పు జేజీ. ఆయప్ప చచ్చిపోవాల, తప్పుగా పైకి పోతాండె. చేసినోళ్ళే చూసుకోని ఇప్పుడు దిద్దినారు."

"అంటే వాళ్ళకు తెల్వకుండా పోయినాడా పైకి?"

"ఊఁ, తెల్వకుండానే."

"తెల్వకుండా పోతే మాత్రం పోలేదా ఏందప్పా? నా కండ్లతో చూస్తి గదా" అని జేజి లేచింది. పీట తీసుకొని వంటింట్లోకి పోయింది. మళ్ళీ ఆ కంప్యూటరు ముందు కూర్చోలేదు.

గేటు తెరుచుకుంది. అవతల ఇంకో ఊరు, ఇంకో గేటు, అంతే. నేను ఆ ఆట పూర్తి చెయ్యలేదు. పాతదిగా మార్చమంటే ప్రసాదన్నకు చేతకాలేదు.

ఆ తరువాత జేజి చర్చికి పోవడం మానలేదు, ఎవరితోనూ వాదించలేదు. ఆఖరి జబ్బులో ఉన్నప్పుడు నాయనను పిలిచి, "నన్ను సమాధుల తోటలో పెట్టొద్దురా. మీ నాయన పక్కన, కాలవ గట్టున పెట్టండి. బూర మోగినప్పుడు ఆయప్పను తీసుకోని పోతే ఇద్దరం పోతాం, లేదంటే ఇద్దరం ఈడనే ఉంటాం" అంది. పాస్టరయ్య సణిగాడు, చర్చి పెద్దలు ఇంటికి వచ్చి నచ్చజెప్పారు. ఎవరు చెప్పినా నాయన వినలేదు. గట్టున తుమ్మచెట్ల మధ్య, జేజినాయన పక్కనే పెట్టాం.

ఆ చర్చి సందులో ఇప్పుడు రేకుల ఇల్లు ఒక్కటీ లేదు, అన్నీ మిద్దెలే. గోనెసంచులు తడిపేవాళ్ళు లేరు. శనగ చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు. వెదురుబద్దల నక్షత్రం పోయి ప్లాస్టిక్కుది వచ్చింది. నిప్పట్లు దుకాణంలో కొంటున్నాం. కంప్యూటరు పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కిపోయింది. తప్పులతో ఉన్న ఆ మొదటి ఆటైనా దొరుకుతుందేమోనని ఈ వారమంతా వెతికాను. కొత్తది వచ్చింది గదాని కంపెనీవాళ్ళు పాతదాన్ని అమ్మకంలోంచి తీసేశారు.

కొత్తదాంట్లో వంతెనదాకా ఆడాను. ఆవు నేలమీద మేస్తోంది, కుక్క ముందుకే నడుస్తోంది. బురద ఎంత శ్రద్ధగా చేశారంటే, తాత పడ్డప్పుడు చిందిన ఒక్కొక్క చుక్కా వేరువేరుగా కనిపించింది. అంత శ్రద్ధా బురదమీదే పెట్టారు. ఏదైనా లోపం కనిపిస్తే తెలియజేయమని ఒక మూల చిన్న గడి ఉంది, అందులో రాశాను, నీళ్ళు పోసే ముసలాయన చనిపోతున్నాడని. రెండు రోజులకు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. అది లోపం కాదట, కథ అంతేనట.

ఈ పొద్దున మళ్ళీ రాశాను. ఆయన కింద పడుతున్నాడు, పైకి పోవాలి అని.