అడ్డుపుల్ల

సోమవారం ఆమె ఆఫీసుకు వచ్చేసరికి ఆమె బల్ల గదిలో లేదు. పక్క భవనంలో, మ్యాపులు చేసేవాళ్ల మధ్య వేశారు.

అంబులెన్స్ డ్రైవర్లకు దారి చూపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది. దాన్ని పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఆమె సరే అననిదే కొత్త వెర్షన్ గడప దాటేది కాదు. అందుకే కోడ్ రాసేవాళ్లు ‘అడ్డుపుల్ల’ అని పేరు పెట్టారు.

“అడ్డుపుల్లగారు టీకి వెళ్లారు, ఈలోగా పంపించేద్దామా?” అని వినబడేలా అనేవాళ్లు.

“పంపండి నాయనా. తోలేది మా తమ్ముడు. దారి తప్పితే నేరుగా మీ ఇంటికే వస్తాడు” అనేది ఆమె.

తమ్ముడు నిజంగానే అంబులెన్స్ డ్రైవర్. ప్రతి వెర్షన్‌నూ ముందు అతని బండిలో కూర్చుని, ఊరంతా తిరిగి చూసేది.

కొత్త యాజమాన్యం టెస్టింగ్ విభాగాన్ని ఎత్తేసింది. మ్యాపులకొక టీము, డ్రైవర్ల ఫోన్లకొక టీము. ఎవరిది వాళ్లే పరీక్షించుకోవాలి. బండిలో తిరగడం దండగన్నారు.

కొన్నాళ్లకు, మూసేసిన రోడ్ల సమాచారం ఫోన్లకు పంపే పద్ధతిని మ్యాపుల టీము మార్చింది.

“ఫోన్లో అది కనిపిస్తోందో లేదో ఎవరు చూశారండీ?” అని ఆమె కొత్త మేనేజర్ని అడిగింది.

“అది వాళ్ల పని. మన పరీక్షలన్నీ పాసయ్యాయిగా?”

“వాళ్లవీ పాసయ్యాయి. రెండూ కలిపి ఎవరూ చూడలేదు.”

“మేడమ్, మళ్లీ మొదలుపెట్టకండి.”

వెర్షన్ వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తమ్ముడు యూనిఫాంతోనే వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. ఆ పొద్దున్నే మరమ్మతుకు మూసేసిన వంతెన మీదుగా వెళ్లమని ఫోను చెప్పిందట. తీరా వెళితే అడ్డంగా ఇనుప గేటు. వెనక్కి తిప్పి, చుట్టుదారిలో ఆసుపత్రికి చేరేసరికి బండిలోని ముసలాయన ప్రాణం పోయింది.

విచారణ వేశారు. రెండు టీముల పరీక్షలూ పాసయ్యాయని కంపెనీ రాసిచ్చింది. ఇక మిగిలింది డ్రైవరు.

“నువ్వు నోరు విప్పితే నీ ఉద్యోగం ఊడుతుంది, విప్పకపోతే నాది. ఇద్దరం ఇంట్లో పడుంటే అమ్మ భరించలేదక్కా” అన్నాడు తమ్ముడు.

“నోర్మూసుకుని అన్నం తిను” అంది. మర్నాడు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

విచారణాధికారి ఓపిగ్గా విన్నాడు. “సరేనమ్మా, తప్పు ఏ టీముది?”

“ఇద్దరి పనీ ఎవరికి వాళ్లకి సరిగ్గానే ఉందండీ. మధ్యలో చూసే మనిషి లేరు. ఇదివరకు నేను చూసేదాన్ని.”

“లేని మనిషి మీద చర్య ఎలా తీసుకోమంటారు?”

స్థానిక దారులు తెలుసుకోనందుకు డ్రైవరు బాధ్యుడని నివేదిక వచ్చింది. కంపెనీ ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే చోటికి మార్చింది.

మూసిన రోడ్లు మళ్లీ ఫోన్లో కనిపించేలా సరిచేయడానికి అరపూట పట్టింది. తమ్ముడి సస్పెన్షన్ ఆరు నెలలు.